వంపు వదలని వైరు

బావ కారు లోయలో పడి కాలిపోయి ఆ ఉదయానికి పదకొండు రోజులు. అక్క ఏడుపు ఇంకా ఆగలేదు. అయినా టెస్టర్‌కి తొమ్మిదింటికల్లా పిలుపొచ్చింది. ఈ గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఏడవడానికి లీవు ఉండదు.

టెస్టర్ అన్నది ఈ ఏజెంట్‌కి బావ పెట్టిన పేరు. పళ్లు తోముకునే బ్రష్షుకి కూడా టెస్ట్ ల్యాంపు తగిలించి చూస్తాడని వేళాకోళం. ఇద్దరూ ఒకే మేస్త్రి దగ్గర కార్ల వైరింగ్ నేర్చుకున్నారు, ఆ తర్వాత ఇద్దరూ ఏజెంట్లయ్యారు. గ్రీజు పనికి కూడా సెంటు కొట్టుకొచ్చే మనిషి బావ.

చీఫ్ గరాజ్‌లోనే నిలబడి ఉన్నాడు.

"పదింటికి సాక్షి బయల్దేరాలి. విదేశీ ముఠా లిస్టంతా ఆవిడ తలలోనే ఉంది. ఘాట్ రోడ్డు ఒక్కటే దారి. తూటాలకి ఆగే కారు ఇదొక్కటే. ఇందాక స్టీరింగ్ పూర్తిగా తిప్పితే బ్రేకుల ఏబీఎస్ లైటు వెలిగి ఆరింది."

"ఎలక వైరు కొరికి ఉంటుంది సార్."

"ఏ దేశం ఎలకో చూడు."

స్కానర్ పెట్టాడు. ముందు ఎడమ చక్రం స్పీడ్ సెన్సర్: సిగ్నల్ తెగి తెగి వస్తోంది. చక్రం విప్పి, మీటరు తగిలించి, వైరు పొడుగునా వేలితో కదుపుతూ పోయాడు. ఒకచోట రీడింగ్ పడిపోయింది. అక్కడ నిన్నో మొన్నో చుట్టిన కొత్త టేపు ఉంది.

టేపు కొస చిన్న చెవిలా మడిచి ఉంది. టెస్టర్ చెయ్యి ఆగిపోయింది. 'రేపు విప్పేవాడు మన పగవాడు కాదురా' అంటూ మేస్త్రి నేర్పిన మడత అది. మేస్త్రి ఎప్పుడో పోయాడు. ఆయన శిష్యులు ఇద్దరే.

టేపు విప్పితే లోపల శనగగింజంత చిప్పు. దూరం నుంచి రిమోట్ నొక్కితే, చక్రం బిగుసుకుపోయిందని ఏబీఎస్‌కి అబద్ధం చెబుతుంది. ఏబీఎస్ నమ్మేసి ఆ చక్రానికి బ్రేకు వదిలేస్తుంది. బ్రేకు తొక్కగానే బండి కుడికి లాగేస్తుంది. ఘాట్ రోడ్డు మూడో మలుపులో కుడివైపు లోయ.

పనంతా నీటుగా ఉంది, ఒక్కటి తప్ప. స్టీరింగ్ తిప్పినప్పుడు లాగకుండా, వైరు కాస్త వదులుగా ఉండేలా వంపు వదలాలి. వదల్లేదు. లైటు వెలిగింది అందుకే. ఈ తప్పుకి మేస్త్రి చేత రోజూ తిట్లు తిన్నవాడు ఒక్కడే. టెస్టర్ చిప్పుని చీఫ్‌కి చూపించాడు.

"ఎవరి పని?" అన్నాడు చీఫ్.

"చచ్చిపోయినవాడిది సార్. బావ ముఠాకి అమ్ముడుపోయాడు, మూడో మలుపు దగ్గర కాచుకుని ఉంటాడు. వెనక జీపు పంపండి. కారు నేను నడుపుతాను."

చిప్పు కత్తిరించి జేబులో వేసుకున్నాడు. కొత్త వైరు ముక్క అతికించి, సోల్డర్ పెట్టి, పైన రబ్బరు స్లీవు తొడిగి వేడి చేశాడు. వంపు వదిలి క్లిప్పు బిగించాడు. చక్రం చేత్తో తిప్పితే సిగ్నల్ వచ్చింది. పదికి రెండు నిమిషాలు. రోడ్డు మీద టెస్ట్ చేసే టైము లేదు. సాక్షి వెనక సీట్లో కూర్చుని "పర్వాలేదు కదా బాబూ?" అని మాత్రం అడిగింది.

"నేనూ ఇందులోనే ఉన్నానమ్మా."

మూడో మలుపు. పిట్టగోడ పక్కన ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్లద్దాలు. చేతిలో రిమోట్. టెస్టర్ బ్రేకు తొక్కాడు. బావ బొటనవేలు నొక్కుతూనే ఉంది. కారు తిన్నగా వచ్చి ఆయన బూట్లకి జానెడు దూరంలో ఆగింది. జీపులోంచి దూకినవాళ్లు ఆయన చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు.

టెస్టర్ కిందకి దిగాడు. సెంటు వాసన మారలేదు.

"ఆ కారులో కాలిపోయిందెవరు బావా?"

"నీకు తెలియనివాడులే బామ్మర్దీ."

"వాడికీ ఒక అక్క ఉండే ఉంటుంది."

బావ నవ్వబోయి ఆగాడు. "మీ అక్కకి చెప్పకురా."

"చెప్పను. నీకోసం ఒకసారి ఏడ్చింది, చాలు."

వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు వినిపించింది. "ఇంతకీ లోపం ఏంటి?"

"వైరు పొట్టి సార్," అన్నాడు టెస్టర్. "ఈసారి వంపు వదిలాను."