బెన్హర్ కోసం ప్రార్థన మనవి

"ఒరే బెన్హరూ! ఆగరా!"

ఆగడు!

ప్లేటులో అన్నం అలాగే ఉంది. కలిపిన చెయ్యి కడుక్కోలేదు. హోటల్ వెనక తలుపు తోసుకుని బయటపడతాడు బెన్హర్. గిన్నెలు తోముతున్న మనిషి తిట్లు లంకించుకుంటుంది. వినే టైమ్ లేదు.

సందు... మలుపు... ఇంకో సందు...

ఆదివారం మధ్యాహ్నం. చీపురుపల్లి ఎండ మాడ్చేస్తోంది. ఉల్లిపాయల బండిని గుద్దుకుంటాడు. లేస్తాడు. వెనక్కి చూస్తాడు.

వస్తోంది!

చేతిలో స్టీలు క్యారేజీ. తెల్ల చీర. అరవై రెండేళ్ల మనిషి. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. అయినా వస్తోంది!

సత్యవతి.

అతను చంపిన నరేష్‌కి తల్లి.

"సీ! ఏటి బతుకిది!"

ముప్పై ఏళ్ల మగాడు. టిప్పర్ స్టీరింగ్ తిప్పి తిప్పి రాటుదేలిన చేతులు. ఒక ముసలమ్మకి భయపడి పరిగెడుతున్నాడు! ఎవరైనా వింటే పడీ పడీ నవ్వుతారు.

నవ్వనీ. వాళ్లకేం తెలుసు?

పదకొండు నెలల్లో ఇది నాలుగోసారి. పలాసలో జీడిపిక్కల బస్తాలు మోస్తుంటే వచ్చింది. బొబ్బిలిలో లారీ షెడ్డులో పడుకుంటే వచ్చింది. రాజాంలో పేరు మార్చుకున్నాడు, గడ్డం పెంచాడు. అక్కడికీ వచ్చింది! ఎక్కడా చర్చి గుమ్మం తొక్కలేదు. కొత్తవాళ్లని లేపి నిలబెట్టి పేరు, ఊరు, సంఘం చెప్పమంటారు కదా... ఆ భయం. ఫోన్ కూడా లేదు. అయినా వచ్చింది!

ఆవిడ వెనకాలే... గంగులు.

ఇసుక వ్యాపారం చేసే శివాజీ మనిషి గంగులు. నడుముకి నాటు పిస్టల్ ఉంటుంది. రాజాంలో వాడు పేల్చిన తూటా బెన్హర్ చెవి పక్క నుంచి పోయింది.

ముందు ఆవిడ. వెనక వాడు. ప్రతిసారీ ఇంతే!

బెన్హర్‌కి అర్థమైపోయింది. ముసలమ్మ చూపిస్తుంది, గంగులు చంపుతాడు. కొడుకు పగ! తీర్చుకుంటే తీర్చుకోనీ... ఇలా ఊరూరూ తిప్పి చంపడం దేనికి? ఒక్కసారి చంపి పారేస్తే గొడవ వదులుతుంది కదా!

రైల్వే స్టేషన్. ప్లాట్‌ఫారం చివర పాత గూడ్స్ షెడ్. దూరతాడు. బస్తాల వెనక నక్కుతాడు. చేతికి ఒక ఇనుప రాడ్ తగులుతుంది. పట్టుకుంటాడు.

ఇక పరిగెత్తడు. చాలు!

చెప్పుల చప్పుడు... ఆయాసం... దగ్గు...

"ఈడే ఉన్నావని తెల్సురా. లగెత్తలేను నాయినా... కాసేపు కూకోనీ..."

షెడ్ మెట్టు మీద కూలబడుతుంది సత్యవతి.

రాడ్ ఎత్తి బయటికొస్తాడు బెన్హర్.

"దగ్గరికి రాకత్తా! కొట్టీగల్ను!"

"కొట్టు. ముందు అన్నం తిను. సగంలో నెగిసి పోనావు."

"గంగులేడి?"

"ఏ గంగులు?"

"నాటకాలాడకు! నువ్వొచ్చిన పెతిసారీ ఆడొత్తాడు!"

"నాకు గంగులూ తెల్దు, మంగులూ తెల్దు. అబద్దం ఆడ్డం నాకు రాదు. పాతికేళ్లు సండే స్కూల్ సెప్పినాను. నీకూ సెప్పినాను, మా నరేషుకీ సెప్పినాను. ఒకే బెంచీ మీద కూకున్నారు ఇద్దరూ."

ఆ పేరు వినగానే ఒక అడుగు వెనక్కి వేస్తాడు.

వంశధార గట్టు. అర్ధరాత్రి దొంగ ఇసుక లోడు. టిప్పర్ లైట్ల వెలుగులో రోడ్డుకి అడ్డంగా నరేష్... ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు. డ్రైవర్ని గుర్తుపట్టాడు. ఫోన్ దించి చెయ్యి ఊపాడు. "బావా, ఆపు!"

పక్క సీట్లో శివాజీ. "ఆపకు."

బెన్హర్ ఆపలేదు.

గుర్తు తెలియని వాహనం అని కేసు రాశారు. నెల తిరిగేసరికి శివాజీకి భయం పట్టుకుంది. డ్రైవర్ నోరు విప్పితే? గంగుల్ని పంపాడు. ఆ రాత్రి మొదలైన పరుగు... ఇప్పటికీ ఆగలేదు. అతను ఊరొదిలిన రోజే సత్యవతికి తెలిసిపోయింది, తొక్కింది ఎవరో.

"ఏటి కావాలత్తా నీకు?" గొంతు చించుకుని అరుస్తాడు. "కేసా? ఉరా? ఏటి కావాల?"

"నాకేటీ అక్కర్నేదు." ఆవిడా అరుస్తుంది. "నువ్వసలే అక్కర్నేదు!"

"మరెందుకొత్తన్నావు?"

సత్యవతి వేలు పైకి చూపిస్తుంది. షెడ్ రేకుల కేసి.

"ఆయనకి కావాలంట నువ్వు! రోజూ దెబ్బలాడతన్నాను ఆయన్తోటి. నా కొడుకుని తొక్కీసినోడి ఎనకాల నన్నే తిప్పాలా? ఊళ్లో ఇంకెవులూ దొరకనేదా నీకు? అని. మాటాడడు! తెల్లారీసరికి మళ్లీ నీ మొకమే కళ్ల ముందుంటాది. ఏటి సెయ్యను? బస్సెక్కుతన్నాను."

బెన్హర్ రేకుల కేసి చూస్తాడు. రాడ్ దించుతాడు.

"అయితే... క్షమించీసినావా నన్ను?"

"నేదు."

ఠక్కున వస్తుంది ఆ మాట.

"నాకింకా రానేదురా. అబద్దమెందుకు? ఆయనకి ముందే వచ్చీసినాదంట. అందుకే ఒగ్గకుండా ఎతుకుతన్నాడు. ఆయన కాళ్లు అరగవు కదా... నావే అరుగుతన్నాయి."

క్యారేజీ క్లిప్పు తీస్తుంది. అన్నం. ఎండు నెత్తళ్ల కూర.

"ఇవి పిడికెడు బియ్యం."

బెన్హర్‌కి తెలుసు. వాళ్ల అమ్మా తీసేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి చర్చి డబ్బాలో వేస్తారు సంఘంలో ఆడవాళ్లు. ఆదివారం పట్టుకెళ్లి ఇచ్చేస్తారు.

"చర్చికో డబ్బా. నీ పేరున ఇంకో డబ్బా ఎట్టినాను," అంటుంది సత్యవతి. "మద్దిలో రెండు నెల్లు ఎయ్యనేదు. కోపమొచ్చి. ఓ రోజు ఆ డబ్బా ఈదిలోకి ఇసిరీసినాను కూడా. మళ్లీ ఎల్లి ఏరుకున్నాను, గింజ గింజా... తిట్టుకుంటా."

తినకూడదు అనుకుంటాడు. విషం కలిపిందేమో! కానీ పొద్దుట్నుంచి కడుపులో ఏమీ లేదు. చెయ్యి దానంతటదే వెళుతుంది. ముద్ద ఎత్తుతాడు.

కళ్లు మూసుకుంటాయి. ఒక్క క్షణం. మళ్లీ తెరుచుకుంటాయి.

సత్యవతి అదే పనిగా చూస్తోంది.

"అదిగో! అలగే దొరుకుతన్నావు."

"ఏటి?"

"ఏ ఊరెల్లినా హోటళ్లలో అడుగుతాను. ముద్ద ఎత్తే ముందు కళ్లు మూసుకునే డ్రైవరెవుడైనా వత్తన్నాడా అని. పేరు మార్చినావు, గెడ్డం పెంచినావు. నేను నేర్పినది మాత్రం మర్సిపోనేదు."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోతుంది. పదకొండు నెలలుగా ప్రార్థన అన్న మాటే తలుచుకోలేదు. దేవుడి పేరెత్తితే ఒళ్లు మండేది. అయినా ఈ పాడు కళ్లు! రోజుకి మూడు పూటలా పట్టిచ్చేశాయి!

తన చెంపలు తనే వాయించుకోవాలనిపిస్తుంది.

అంతలో ఇంకో అనుమానం...

"అత్తా! నేనీ ఊళ్లో ఉన్నానని ఎవులికి సెప్పినావు?"

"ఎవులికీ సెప్పనేదు."

"నిజం సెప్పు!"

"నిజమేరా! ఎవులికీ..." ఆగుతుంది. "ప్రార్థన మనవి ఎట్టినాను. అంతే. మన సంగం గ్రూపులో."

"ఏ గ్రూపు?"

"వాట్సాప్‌లో. పెతిసారీ ఎడతాను. నువ్వు దొరకాలని, మనసు మారాలని అందరూ ప్రార్థన సెయ్యాల కదా!"

ఫోన్ లాక్కుంటాడు!

రెండు వందల పన్నెండు మంది. కిందనే సత్యవతి వాయిస్ మెసేజ్. నొక్కుతాడు.

"అందరికీ వందనాలు... బెన్హర్ సీపురుపల్లిలో ఉన్నాడు... టేసన్ కాడ హోటల్లో తింటన్నాడంట... నేనిప్పుడే ఎల్తన్నాను... బారంగా ప్రార్థన సెయ్యండి..."

కింద ఆమెన్. ఆమెన్. ఆమెన్. ఆమెన్...

వేలు ఆగుతుంది.

ఒక ఆమెన్ పక్కన పేరు లేదు. నంబరు ఉంది. ఫోటోలో తెల్ల పావురం. ఆ నంబరు బెన్హర్‌కి కంఠతా వచ్చు. ఎన్ని రాత్రులు ఆ నంబరు నుంచే ఫోన్ వచ్చేదో... "లోడు రెడీ" అని!

గంగులు!

పైకి జరుపుతాడు. రాజాం మెసేజ్ కింద... ఆమెన్. బొబ్బిలి కింద... ఆమెన్. పలాస కింద... ఆమెన్, రెండు దణ్ణాలు!

"ఓలమ్మో..." తల పట్టుకుంటాడు బెన్హర్. "ఏటి సేసినావత్తా! సంపీసినావు కదే! వాడు గ్రూపులోనే ఉన్నాడు!"

సత్యవతికి రెండు నిమిషాలు పడుతుంది అర్థం కావడానికి. గంగులు ఎవరు, ఎవరు పంపారు, ఎందుకు పంపారు... బెన్హర్ అరుస్తూనే చెబుతాడు. శివాజీ 'ఆపకు' అన్న మాట కూడా చెప్పేస్తాడు.

ఆవిడ మొహం పాలిపోతుంది.

"నేనేనా...? నేనే నీ మీదకి తెచ్చినానా ఆడ్ని?"

"నువ్వే!"

"తీసీరా అది! నాకు రాదు! నొక్కి పట్టుకుని మాటాడ్డం, ఒగ్గీడం... అదొక్కటే నేర్పినాడు మా నరేషు!"

"ఇప్పుడు తీసీనా లాబం నేదు. ఆడు ఇనీసినాడు!"

ప్యాసింజర్ కూత!

విజయనగరం వైపు వెళ్లే బండి. ప్లాట్‌ఫారం మీదకి వచ్చేస్తోంది.

సత్యవతి తన ఫోన్ లాక్కుని, అతని భుజం పట్టి తోస్తుంది. పదకొండు నెలల్లో మొదటిసారి ఆగమనడం లేదు.

"ఎలిపో! లగెత్తరా! లగెత్తు!"

పరిగెడతాడు!

చివరి పెట్టె. ఎక్కేస్తాడు. డోర్ దగ్గర చతికిలబడతాడు. ఒక్క నిమిషం ఆగి బండి కదులుతుంది.

బతికిపోయాడు!

తల బయటికి పెట్టి చూస్తాడు.

ప్లాట్‌ఫారం చివరికి బైక్ వచ్చి ఆగింది. గంగులు! షెడ్ వైపు నడుస్తున్నాడు. సత్యవతి మెట్టు మీదే ఉంది. ఫోన్ చేతిలోనే ఉంది.

గంగులు ఏదో అడుగుతాడు.

రైలు వైపు చూపించేస్తుంది... అయిపోయింది... అనుకుంటాడు బెన్హర్.

సత్యవతి చెయ్యి ఎత్తుతుంది. బజారు వైపు చూపిస్తుంది.

అబద్ధం ఆడ్డం రాదన్న మనిషి!

గంగులు నమ్మలేదు. చెంప మీద కొడతాడు. క్యారేజీని తంతాడు. అన్నం మట్టిలో చెల్లాచెదురవుతుంది. పిస్టల్ బయటికి తీస్తాడు. ఆవిడ కణతకి ఆనిస్తాడు.

ఆవిడ చెయ్యి బజారు వైపే ఉంది.

బండి వేగం అందుకుంటోంది. బెన్హర్ క్షేమం. ఆవిడ పోతే... ఇంకెవరూ వెతకరు. ఏ హోటల్లోనూ ఎవరూ అడగరు. ఏ గ్రూపులోనూ అతని పేరు రాదు. కోరుకున్నది అదేగా ఇన్నాళ్లూ!

మరి ఈ ఏడుపెందుకు?

ఆ రాత్రి కూడా బ్రేకు కాలి కిందే ఉంది. తొక్కలేదు. అంతే. కాలు కదిపితే ఆగేది!

"ఏయ్! దూకుతున్నాడ్రోయ్!" పెట్టెలో ఎవరో అరుస్తారు.

దూకేశాడు!

కంకర... మోచేతులు చీరుకుపోతాయి... దొర్లుతాడు... లేస్తాడు... పరుగు! ఈసారి ఆవిడ వైపు!

"గంగులూ! నానిక్కడ!"

గంగులు తల తిప్పుతాడు. పిస్టల్ ఇంకా ఆవిడ కణత మీదే ఉంది.

"అత్తా! నొక్కు!"

"ఏటి?"

"ప్రార్థన మనవి! నొక్కి పట్టుకో! ఒగ్గకు!"

సత్యవతి బొటనవేలు ఫోన్ మీద నొక్కుకుంటుంది. గంగులుకి అర్థం కాదు. ఫోన్ వైపు చూస్తాడు, బెన్హర్ వైపు చూస్తాడు.

బెన్హర్ ఆగుతాడు. పది అడుగుల దూరంలో. చర్చిలో కొత్తవాళ్లు లేచి నిలబడ్డట్టు నిటారుగా నిలబడతాడు. ఊపిరంతా పెట్టి అరుస్తాడు.

"అందరికీ వందనాలు! నా పేరు బెన్హర్! మాది కోటబొమ్మాళి సంగం! నరేష్ మీదకి టిప్పర్ ఎక్కించింది నేనే! ఆపకు అన్నాది శివాజీ! పక్క సీట్లో ఉన్నాడు! ఇప్పుడు నా ముందు పిస్టల్ ఎట్టుకుని నిల్చున్నాది ఆడి మనిషి, గంగులు! ఈ గ్రూపులో ఉన్నాడు... పావురం బొమ్మ..."

గంగులు కళ్లు పెద్దవవుతాయి. ఇప్పుడర్థమైంది!

పిస్టల్ ఆవిడ కణత మీంచి లేస్తుంది. బెన్హర్ వైపు తిరుగుతుంది.

బెన్హర్ కదలడు.

"అత్తా... దొరికీసినాను." ఆవిడ వైపు చూస్తాడు. "నా కోసం ప్రార్థన..."

కళ్లు మూసుకుంటాడు.

ఢాం!

సత్యవతి ఉలిక్కిపడుతుంది. ఫోన్ మీంచి వేలు లేచిపోతుంది.

మెసేజ్ వెళ్లిపోతుంది.