కార్శి లైసెన్సు

ఆత్మారాం శవాన్ని చెరకు మడ్డి నింపే మొలాసిస్ తొట్టిలోంచి బయటికి లాగడానికి నలుగురు మనుషులు, ఒక క్రేన్ కావలసి వచ్చాయి. నిజామాబాద్‌లో కంప్యూటర్ లైసెన్సులు అమ్ముకునే మనిషి బోధన్ దగ్గరి సిరిగంగ షుగర్స్ తొట్టిలో ఎందుకు పడ్డాడో పోలీసులకు అంతుబట్టలేదు. కాలు జారిందని రాసుకుని, ఫ్యాక్టరీ వారి టీ తాగి వెళ్లిపోయారు.

"కాలు జారలే" అంది రేణుకమ్మ. హైదరాబాద్‌లో బోర్డు లేని ఒక ఆఫీసుకు ఆమె చీఫ్. "ఆత్మారాం మనోడే. సచ్చే ముందు నాకు ఫోన్ చేసిండు. ఆ ఫ్యాక్టరీల ఒక్క సర్వర్ మీద పది వర్చువల్ మెషీన్లు, అంటే ఉత్తుత్తి కంప్యూటర్లు, నడుస్తున్నయి. కొన్నది ఒక్క స్టాండర్డ్ లైసెన్సు. అది రెండింటికే చెల్లుతది. కడమ ఎనిమిది ఎవని దయ మీద బతుకుతున్నయి?"

ఎదుట కూర్చున్నది ఏజెంట్ సురేందర్. బీడీలు చుట్టే తల్లికి నిజామాబాద్‌లో పుట్టిన అతన్ని మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది ఆత్మారామే. సురేందర్‌కు జాలి లేదని డిపార్ట్‌మెంట్‌లో అందరూ అంటారు. ఉన్న కాస్తా ఆ తొట్టిలో మునిగిపోయింది.

"బ్లూ ఆర్కిడ్" అంది రేణుకమ్మ. "విదేశీ ముఠా. ఆ మెషీన్లు వాళ్ల యాక్టివేషన్ సర్వర్‌ను అడుక్కొని నడుస్తున్నయి. లైసెన్సు చెల్లదని అది ఒక్క మాటంటే అన్నీ ఆగిపోతయి. డిస్టిలరీని సల్లబరిచే పంపులు నడిపే మెషీన్ గూడ అండ్లనే ఉన్నది. పంపులు ఆగితే ఇథనాల్ ట్యాంకు పేలుతది. రేపు పొద్దుగాల చెరకు క్రషింగ్ మొదలు. యార్డు నిండ రైతులుంటరు. ఈ ఒక్కటి పేల్చి సూపిస్తే కడమ ఫ్యాక్టరీలు అడిగిందల్ల ఇస్తయి."

"లోపల మనోళ్లు?"

"హైమ. ముఠాల మన మనిషి. మన దాంట్ల ముఠా మనిషి గూడ కావచ్చు. సూసుకో."

మర్నాడు ఉదయం యార్డులో చెరకు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. మెడకు టై, ముక్కు మీద కెమెరా దాచిన కళ్లద్దాలతో సాఫ్ట్‌వేర్ ఆడిటర్ వేషంలో సురేందర్ దిగాడు. గేటు దగ్గర చిలకాకుపచ్చ పట్టుచీరలో, నల్ల కళ్లద్దాలతో ఒకామె నిలబడి ఉంది. ఆమెను చూస్తూ ఇద్దరు డ్రైవర్లు అప్పటికే ట్రాక్టర్లను గుద్దించుకున్నారు.

"గిది మొక్కతోట చెరకా, కార్శా?" అన్నాడు సురేందర్.

"మూడో కార్శి" అంది హైమ.

కోడ్ సరిపోయింది. కొట్టేసిన చెరకు మోళ్ల నుంచి మళ్లీ మొలిచే తోట కార్శి. విత్తనం కొనే పని లేని పంట.

"ఎండీగారి భార్య రాధాకుమారి చెరకును మిల్లుకు మోసే కేరియర్‌లో మొదటి కట్ట వేయగానే ముఠా సిగ్నల్ వస్తుంది" అంది హైమ తాపీగా. "సర్వర్ పాస్‌వర్డ్ ఐటీ మేనేజర్ సతీష్‌బాబు దగ్గరుంది. ఎండీ రామకోటేశ్వరరావుగారి అల్లుడు."

లైసెన్సుల సంగతి అడిగితే సతీష్‌బాబు తడుముకోలేదు. "అన్నీ సక్రమంగా కొన్నవేనండి."

"మంచిది" అని సురేందర్ అతని భుజం మీద చెయ్యి వేసి, ఇథనాల్ ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లి, నిచ్చెన కమ్మీకి బేడీ తగిలించాడు. పంపులు ఆగితే ఏమవుతుందో చెప్పాడు. "నీ లైసెన్సులు సక్కగుంటె నీకేం గాదు. జర సేపట్ల తెలుస్తది."

సతీష్‌బాబు ముందు నవ్వాడు. తర్వాత ట్యాంకు వైపు చూశాడు. ఆ తర్వాత ఏడ్చాడు.

"మొదటి మెషీనుకి కొన్నామండి. దాన్నే కాపీ చేసి మిగతావి మొలిపించాను. మొక్కతోటకి విత్తనం కొంటాం గానీ, కార్శికి ఎవరన్నా కొంటారటండీ? అవి యాక్టివేట్ అవక గోల చేస్తుంటే, మా కంప్యూటర్లు బాగుచేయడానికి వచ్చే హైమగారు ఉత్తినే ఒక సర్వర్ అడ్రసు ఇచ్చారు. ఎందుకైనా మంచిదని ఆత్మారాంగారిని అడిగాను. తప్పే, పోలీసులకి చెప్తానన్నారు. ఆ మాట హైమగారితో అన్నానండీ. అంతే. మర్నాడే ఆయన..."

సురేందర్ బేడీ ఇంకో మెట్టు బిగించాడు. "పాస్‌వర్డ్?"

చెప్పాడు. "ఇక విప్పండి బాబూ!"

"నువ్వు ఈడుంటేనే నీ మామ జల్ది సంతకం పెడ్తడు."

సర్వర్ గదిలో రామకోటేశ్వరరావు చేతిలో పెన్నుతో, పట్టు పంచెలో కూర్చున్నాడు. సురేందర్ ఆర్డరు ఆయన ముందు పెట్టాడు. "డేటాసెంటర్ ఎడిషన్. సర్వర్ మెదడుల ఉన్న కోర్లన్నిటికి కొనాలె. అప్పుడు ఎన్ని మెషీన్లయినా పెట్టుకోవచ్చు. అవి బయటోన్ని అడుక్కోవు, సొంత సర్వరే వాటికి యాక్టివేషన్ ఇస్తది."

"స్టాండర్డే ఇంకో నాలుగు తీసుకుంటే చవక కదయ్యా?"

"చవకే. అయితే మెషీన్లు బయటోన్ని అడుగుడు ఆగది. అల్లుడు పేలుతడు." సురేందర్ సీసీటీవీ తెర ఆయన వైపు తిప్పాడు. నిచ్చెనకు వేలాడుతున్న అల్లుడు కనిపించాడు.

పెద్దాయన చాలాసేపు చూశాడు. "పోనీ, సగం కోర్లకి కొంటే?"

"సగం అల్లుడొస్తడు."

బయట డప్పులు మొదలయ్యాయి. రాధాకుమారి చెరకు కట్ట ఎత్తింది. రామకోటేశ్వరరావు నిట్టూర్చి సంతకం గీశాడు. ఆర్డరు వెళ్లింది. లైసెన్సు కీ వచ్చింది. సురేందర్ వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. ఒక్కో మెషీనూ ముఠా సర్వర్‌ను వదిలి సొంత సర్వర్ పంచన చేరుతోంది. పంపుల మెషీన్ ఒక్కటే మిగిలింది.

కట్ట కేరియర్‌లో పడింది.

తెర నల్లబడింది. పంపుల రొద ఆగింది. ట్యాంకు దగ్గర్నుంచి సతీష్‌బాబు కేక వినబడింది. సురేందర్ ఎంటర్ నొక్కాడు. తెర మీద ఒక పచ్చ గీత పాకింది. పంపులు దగ్గి, మళ్లీ అందుకున్నాయి. యార్డులో రైతులు చప్పట్లు కొట్టారు, రాధాకుమారిగారి కోసం.

హైమ నవ్వుతూ ఎదురొచ్చింది. "గ్రేట్ జాబ్. నన్నిక్కడి నుంచి దాటించండి."

"నాందేడ్ బస్సుకు టికెట్ తీసిన" అన్నాడు సురేందర్. "కిటికీ సీటు. అక్కడ నీకోసం మనిషి ఉంటడు."

చెయ్యి ఊపుతూ ఆమె బస్సెక్కింది. సురేందర్ సర్వర్ గదికి తిరిగొచ్చి, బ్లూ ఆర్కిడ్ లైను ఇంకా తెరిచే ఉండటం చూసి, దాని మీద ఒక సందేశం పంపాడు. మిషన్ గెలిపించినందుకు హైమకు డిపార్ట్‌మెంట్ తరఫున ధన్యవాదాలు. కింద బస్సు నంబరు, సీటు నంబరు. అప్పుడు లైను కోసేశాడు. ఆత్మారాం నేర్పినట్టే, లేచేముందు తెర లాక్ చేశాడు.

ఫోన్ మోగింది.

"సతీష్‌బాబు ఏడి?" అడిగింది రేణుకమ్మ.

"ట్యాంకు కాడ్నే ఉన్నడు. తాళం సంగతి యాది మర్సిన."

"హైమ పేరు మన రికార్డుల నుంచి తీసెయ్యమందునా?"

"మనకెందుకు మేడం కష్టం" అన్నాడు సురేందర్, టై విప్పుతూ. "ఆమెను యాక్టివేట్ చేసిన సర్వర్ వాళ్లదే. డీయాక్టివేట్ గూడ వాళ్లే చేస్తరు."