ఐదు ఇత్తడి తూటాలు

"జుబైదీ చేపలో ముల్లు ఎక్కువా?"

"చందువా అని పిలిస్తే తక్కువే."

సంకేతం సరిపోయింది. తలుపు తెరుచుకుంది. షర్క్ చేపల మార్కెట్ కి ఎదురుగా రెండో అంతస్తులో ఉన్న ఆ టైపింగ్ సెంటర్, ఇఖామా అనే నివాస పర్మిట్ ఫారాలు నింపించుకునేవాళ్ళకి శ్రీపతి సారు దుకాణం. ఢిల్లీలో ముగ్గురికి మాత్రం అది ఇండియన్ ఇంటెలిజెన్స్ గల్ఫ్ స్టేషన్.

ఏజెంట్ సూర్యకిరణ్ కూర్చునేలోపే స్టేషన్ చీఫ్ శ్రీపతి చాయ్ గ్లాసు ముందుకు జరిపాడు. చెడు వార్త చెప్పేముందు చాయ్ పోయడం ఆ జగిత్యాల పెద్దమనిషి అలవాటు. ఇవాళ చాయ్ లో యాలక్కాయ కూడా పడింది. అంటే వార్త మరీ చెడ్డదన్నమాట.

"టార్గెట్ ఎవరు సార్?"

"గా కుర్చీల కూసున్న మేడమే."

కిటికీ పక్కన ఉన్నావిడ నమస్కారం పెట్టింది. పేరు విజయదుర్గ. వయసు నలభై దాటి ఉండదు. ఫింటాస్ లో ఉంటుంది, సముద్రం అడుగున వేసే కేబుళ్ళ ఇంజనీరు. మూడు నెలల క్రితం ఒక కేబుల్ కి ఎవరో దొంగ పెట్టె తగిలించారని కనిపెట్టింది. అందులోంచి మన నౌకాదళం సమాచారం బయటికి పోతోంది. పెట్టె ఎవరు పెట్టారో గుర్తుపట్టగల సాక్షి ఆవిడ ఒక్కతే. పెట్టించినవాడు లుడ్విక్. ఏ దేశానికైనా రహస్యాలు అమ్మే ముఠాకి ఇక్కడి నాయకుడు.

"ఎల్లుండి కాదు ఆవలెల్లుండి, శుక్రవారం, ఎడారిల హెరిటేజ్ షో ఉన్నది," అన్నాడు శ్రీపతి. "పన్నెండు పాత రైఫిళ్ళు. నల్ల తుపాకిమందుతోని ఉత్త చప్పుడు, గుండుండది. పదకొండింట్ల ఉండది. ఒక్కదాంట్ల ఉంటది. గంత పొగల ఎవడు కాల్చిండో ఎవనికి కనబడది. పాత తుపాకి, పొరపాటయిందంటరు. ఖలాస్."

"మేడమ్ ని వెళ్ళొద్దనండి."

విజయదుర్గ నవ్వింది. "మానేస్తే ఇంకోచోట కొడతారండి. ఎక్కడో, ఎప్పుడో మీకు తెలీదు. ఇక్కడైతే టైము తెలుసు, నా కుర్చీ నంబరు కూడా తెలుసు." చేతిసంచి ఒళ్ళోకి లాక్కుంది. "సోమవారం మా పాపకి లెక్కల పరీక్ష. అప్పటిదాకా నన్ను కాస్త బతికించండి చాలు."

పోలీసాఫీసర్ దావూద్ మనవైపే ఉన్నాడు. కానీ రైఫిళ్ళు పెద్దవాళ్ళ సొంత ఆస్తి. రుజువు లేకుండా సోదా చేయలేడు. గుండున్న తూటా రైఫిల్లో ఉండగానే దొరకాలి. పేలిన తర్వాత దొరికితే అది పొరపాటే అవుతుంది.

ఆ పాత రైఫిల్ కి సరిపడే తూటాలు ఇప్పుడు ఏ ఫ్యాక్టరీలోనూ తయారుకావు. ఖాళీ ఇత్తడి తొడుగుల్లో మళ్ళీ మందు నింపుకోవాల్సిందే. అందుకు లుడ్విక్ గోవా నుంచి ఫెర్నాండెజ్ అనే నిపుణుణ్ణి పిలిపించాడు. అతని ముఖం లుడ్విక్ ఎప్పుడూ చూడలేదు. అతను నిన్న ముంబయి ఎయిర్ పోర్టులో మనవాళ్ళకి దొరికాడు.

"ఇప్పటిసంది నువ్వే ఫెర్నాండెజ్," అంటూ శ్రీపతి ఒక ఫ్లాస్కు ఇచ్చాడు. అడుగు మర తిప్పితే లోపల ఒక ఉత్తుత్తి తూటా, గుండు ఉంటుంది కానీ మందు ఉండదు. "అసలుది తీసి గిది పెట్టాలె. ఇంగొకటి. నోట్ల నుంచి తెలుగు రావద్దు. గా ఫెర్నాండెజ్ కి తెలుగు రాదు."

"లోపల మనవాళ్ళెవరైనా?"

"తస్లీమ్."

"ఆవిడ మన మనిషేనా సార్?"

శ్రీపతి గ్లాసులోకి చూశాడు. "సోమ, బుధ, శుక్రవారాలు మనదే."

* * *

రుమైథియాలో లుడ్విక్ అద్దెకి తీసుకున్న విల్లా అది. తస్లీమ్ నల్లకళ్ళజోడుతో, మెడకి పచ్చటి సిల్కు స్కార్ఫుతో గుమ్మంలో ఎదురొచ్చింది. వెనక లుడ్విక్. బక్కపలచటి మనిషి, తెల్లటి చేతులు. కరచాలనం చేయలేదు. నేరుగా ఒక గదిలోకి తీసుకెళ్ళి బల్లమీద గుడ్డ తొలగించాడు.

బల్ల నిండా పరికరాలు. ప్రతిదీ రెండేసి.

"మీకు కావలసినవి ఎంచుకోండి, మిస్టర్ ఫెర్నాండెజ్."

ఇది షాపింగ్ కాదు, పరీక్ష. తప్పు వస్తువు మీద చెయ్యి పడితే ఫెర్నాండెజ్ ఈ గది దాటి బయటికి రాడు.

సూర్యకిరణ్ ముందు మందు కొలిచే యంత్రాలు చూశాడు. ఒకదానికి ప్లాస్టిక్ గొట్టం, అందంగా, కొత్తగా ఉంది. రెండోది ఇత్తడిది, పాతది. ప్లాస్టిక్ దాన్ని వేలితో పక్కకి నెట్టాడు.

"ఇది ఈకాలపు మందుకి. నల్ల తుపాకిమందుకి స్టాటిక్ కరెంటు అంటే పడదు. ఒక్క నిప్పురవ్వ చాలు, మనిద్దరం సీలింగ్ మీద ఉంటాం."

లుడ్విక్ ముఖంలో ఏ మార్పూ లేదు. "తర్వాత?"

"ఈ పొడవాటి గొట్టం. మందు పైనుంచి మెల్లగా జారి గట్టిగా సర్దుకోవాలి. లోపల గాలి మిగిలితే రైఫిలే పగులుతుంది. పైన అట్టబిళ్ళ. దాన్ని నొక్కే డై. తొడుగుని మళ్ళీ సైజుకి తెచ్చే డై. నిప్పు పుట్టించే పాత క్యాప్ ఊడదీసేది, కొత్తది పెట్టేది. ఈ త్రాసు. డిజిటల్ వద్దు."

"ఎందుకు?"

"ఏసీ గాలికి వణుకుతుంది."

మొదటిసారి లుడ్విక్ పెదవి కదిలింది. చివరగా సూర్యకిరణ్ ఒక సన్నటి ఉక్కు సూది తీసుకున్నాడు. తూటా అడుగున ఆవగింజంత కన్నం ఉంటుంది. క్యాప్ నిప్పు దాన్లోంచే మందుకి అంటుకోవాలి. ఆ కన్నం శుభ్రం చేసే సూది అది. నిజమైన నిపుణుడు దాన్ని మర్చిపోడు కాబట్టి తీసుకున్నాడు.

లుడ్విక్ దాన్ని అతని చేతిలోంచి లాక్కుని చెత్తబుట్టలో వేశాడు.

"నా గదిలో మురికి ఉండదు. వేడినీళ్ళు, సబ్బు. ఇరవై ఏళ్ళుగా నాకు సూది అవసరం రాలేదు."

పరీక్ష పాసయ్యాడు. అక్కడితో అయిపోయిన అదృష్టం మళ్ళీ తిరిగి రాలేదు. అతని ఫోన్ తీసుకున్నారు. తూటా చెడగొడదామని మందు తక్కువ కొలిచాడు, లుడ్విక్ త్రాసులో పట్టుకుని వేలితో టకటకమని కొట్టి చూపించాడు. క్యాప్ ల డబ్బా సింకు పక్కన చెమ్మలో పెట్టాడు, రెండు నిమిషాల్లో అది మళ్ళీ అరలోకి చేరింది. "అలసిపోయినట్టున్నారు," అన్నాడు లుడ్విక్ మర్యాదగా.

బుధవారం పొద్దున ఎడారిలో ఐదు తూటాలు టెస్ట్ చేశారు. వందడుగుల దూరంలో పెట్టిన పుచ్చకాయ ఐదుసార్లూ పగిలింది. సూర్యకిరణ్ కి ఫింటాస్ లో లెక్కలు చేసుకుంటున్న పిల్ల గుర్తొచ్చింది.

మధ్యాహ్నానికి ఐదు తొడుగులూ మసిపట్టి విల్లాకి తిరిగొచ్చాయి. సూర్యకిరణ్ పాత క్యాప్ లు ఊడదీశాడు. అవి ఆ రైఫిల్ గొట్టంలో ఒదిగిన తొడుగులు. శుక్రవారం గుండు వీటిలో ఒకదానిలోంచే వెళ్తుంది. తన తెల్లటి చేతులకి మసి అంటడం లుడ్విక్ కి ఇష్టం లేదు. పనిమనిషిని పిలిచి, "హాట్ వాటర్. సోప్," అని ఒక గిన్నెలో పోసి ఇచ్చాడు.

పనిమనిషి సూరాయమ్మది రాజోలు దగ్గర పల్లె. యాభై ఏళ్ళుంటాయి. విల్లాతో పాటే అద్దెకి వచ్చింది. ఎదురుగా బల్ల దగ్గర కూర్చున్న గోవా దొరకి తెలుగు రాదని ఆమెకి గట్టి నమ్మకం.

"సబ్బంట, సబ్బు!" అంది గిన్నెతో. "ఇత్తడిని సబ్బెట్టి తోముతారా ఎవరన్నా? ఈడికి అమ్మ లేదేటో పాపం, నేర్పలేదు. మామాకి, అదే అమ్మగారికి చెప్తే, ఆ కళ్ళజోడు తియ్యకుండానే 'యల్లా, యల్లా' అని తొందరపెడతది. ఇదిగో, ఈ పిల్లిమీసాలోడొకడు. నిన్నట్నించీ చూస్తన్నాను, తిన్నావా అని అడగడు, నవ్వడు. పెళ్ళాం ఎలా వేగుతుందో!"

సూర్యకిరణ్ భూతద్దంలోంచి తల ఎత్తలేదు. నవ్వు ఆపుకోవడం ట్రైనింగ్ లో నేర్పించని విద్య.

కాసేపటికి ఒక ప్లేటు అతని పక్కన పడింది. అన్నం, పప్పుచారు. "ఖానా, ఖానా," అంది వచ్చిన రెండు హిందీ ముక్కల్లో ఒకటి రెండుసార్లు వాడి. నిన్నటినుంచీ రొట్టె ముక్కలతో ఉన్నాడు. చావుకి ముందు కూడా పప్పుచారు పప్పుచారులాగే ఉంటుందని తెలిసి అతని కళ్ళు చెమర్చాయి.

గురువారం పొద్దున గిన్నె తిరిగొచ్చింది. ఐదు తొడుగులూ బంగారంలా ధగధగలాడుతున్నాయి.

"చూశారా, ఫెర్నాండెజ్?" లుడ్విక్ ఒకటి ఎత్తి పట్టుకుని మురిసిపోయాడు. "సబ్బు."

అటు తిరిగి క్యాప్ లు లెక్క పెట్టుకుంటున్నాడు. సూర్యకిరణ్ ఒక్కో తొడుగునీ అలవాటు కొద్దీ కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు. మొదటి దాన్లో అడుగున చుక్కంత వెలుతురు. రెండో దాన్లో లేదు. మూడో దాన్లోనూ లేదు. నాలుగు, ఉంది. ఐదు, లేదు.

మూడో తొడుగు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పుల్లటి వాసన. ఏ దేశపు ఆయుధాగారంలోనూ రాని వాసన. ఇంట్లో పండగ ముందురోజు కుందులు తోమేటప్పుడు వచ్చే వాసన.

చింతపండు. పీచు, ఈనె, పెంకు ముక్కలతో సహా పిసికి రుద్ది, నానబెట్టి, ఎండలో పెట్టింది. గుజ్జు కన్నంలో దిగి రాయిలా బిగుసుకుపోయింది. తీయడానికి సూది లేదు.

ఐదింటికీ క్యాప్ లు పెట్టాడు. క్యాప్ పెట్టాక ఇక ఏ తొడుగులోంచీ వెలుతురు కనబడదు. లుడ్విక్ ఐదింటినీ అరచేతిలో కలిపి, ఒకటి తీసి, తనే మందు పోసి, తనే గుండు బిగించి, జేబులో వేసుకున్నాడు.

ఏది తీశాడో సూర్యకిరణ్ కి తెలియదు. ఐదింట మూడు పాళ్ళు బతుకు. రెండు పాళ్ళు చావు.

ఇంకా ఫ్లాస్కు ఉంది కదా అనుకున్నాడు. గుమ్మంలో తస్లీమ్ అతన్ని ఆపి, ఫ్లాస్కు అందుకుని, అడుగు మర తిప్పి, ఉత్తుత్తి తూటాని తన హ్యాండ్ బ్యాగ్ లో వేసుకుంది.

"సారీ, డార్లింగ్," అంది మెల్లగా. లుడ్విక్ ని మాత్రం పిలవలేదు.

ఆ రోజు గురువారం.

* * *

శుక్రవారం మూడు గంటలు. ఎడారి మీద ఫిబ్రవరి ఎండ, కాస్త చల్లగాలి. గుడారాల ముందు అతిథుల కుర్చీలు మూడు వరసలు. మొదటి వరసలో పద్నాలుగో కుర్చీ. నీలం చీర కట్టుకుని విజయదుర్గ వచ్చి కూర్చుంది. చేతిలో దానిమ్మ రసం గ్లాసు. సూర్యకిరణ్ వైపు ఒకసారి చూసింది. అతను చిన్నగా తల అడ్డంగా ఊపాడు. ఏమీ చేయలేకపోయానని. ఆవిడ లేవలేదు. గ్లాసు కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకుంది, అంతే.

పనయ్యేదాకా ఎవర్నీ నమ్మని లుడ్విక్ మనుషులు సూర్యకిరణ్ కి ఇటు ఒకడు, అటు ఒకడు. పక్కటెముకకి గట్టిగా ఏదో తగులుతోంది.

పాతకాలపు దుస్తుల్లో పన్నెండుమంది వరసగా నిలబడ్డారు. ఆరోవాడి రైఫిల్ మిగతావాటికంటే నాలుగు వేళ్ళు కిందికి ఉంది. డప్పు మోగింది. ఒకటి. రెండు.

మూడు.

ఎడారి దద్దరిల్లింది. తెల్లటి పొగ గోడలా లేచి వరసని, కుర్చీలని, ఆకాశాన్ని మింగేసింది. కుళ్ళిన గుడ్ల వాసన. ఎవరో చప్పట్లు కొట్టారు. పొగలో పద్నాలుగో కుర్చీ ఎక్కడుందో కనపడలేదు. సూర్యకిరణ్ కి తెలిసిన దేవుళ్ళందరి పేర్లూ అయిపోయాయి. గాలి మాత్రం తీరుబడిగా వచ్చింది, పొగ పలచబడింది.

ముందు నీలం చీర అంచు కనిపించింది. తర్వాత గ్లాసు. గ్లాసులో దానిమ్మ రసం అంచుదాకా నిండుగా ఉంది.

పదకొండు రైఫిళ్ళ మూతుల్లోంచి పొగ ఇంకా కారుతోంది. ఆరోదాని మూతి శుభ్రంగా ఉంది. ఆరోవాడు చెమటలు కక్కుతూ తూటా బయటికి లాగబోతున్నాడు.

"ఖలాస్," అంది ఒక గొంతు. వాడి మణికట్టు మీద పోలీసాఫీసర్ దావూద్ చెయ్యి పడింది. రైఫిల్ ఒంచాడు. ధగధగలాడే ఇత్తడి తూటా, ముక్కున సీసపు గుండుతో, రెండొందలమంది అతిథుల ముందు ఇసకలో పడింది. క్యాప్ మీద సుత్తి దెబ్బ స్పష్టంగా ఉంది. రుజువుకి ఇంతకన్నా ఏం కావాలి?

సూర్యకిరణ్ పక్కనున్న ఇద్దరూ మాయమయ్యారు. లుడ్విక్ కారుదాకా పరిగెత్తాడు. కారుకి తాళంచెవి లేదు. అది అయిదు నిమిషాల క్రితమే ఒక పచ్చటి స్కార్ఫులో చుట్టి దావూద్ చేతికి చేరింది.

ఆ రోజు శుక్రవారం.

* * *

తస్లీమ్ ఆ సాయంత్రమే దేశం దాటింది. లుడ్విక్ నోరు విప్పలేదు. అతని పైవాళ్ళెవరో ఎవరికీ తెలియలేదు. ఇంకో కేబుల్ కి ఇంకో పెట్టె తగిలిస్తూనే ఉంటారు. గెలిచామని చెప్పుకోవడానికి మిగిలింది ఒక తూటా, సోమవారం జరగబోయే ఒక లెక్కల పరీక్ష. సూర్యకిరణ్ కి అవి చాలుననిపించింది.

శనివారం పొద్దున రుమైథియా విల్లా ముందు సూరాయమ్మ సంచి పెట్టుకుని కూర్చుంది. పోలీసులు ఇల్లు సీలు వేశారు.

"సూరాయమ్మగారూ, లేవండి. మీ కఫీల్ తో, అదే మీ వీసా యజమానితో, మాట్లాడాను. ఫింటాస్ లో విజయదుర్గ గారింట్లో పని. కాగితాలన్నీ శ్రీపతి సారు చూసుకుంటారు."

సూరాయమ్మ సంచి వదిలేసి లేచింది. "ఆయ్! తెలుగోరా? మరైతే నేనన్న మాటలన్నీ..."

"విన్నానండి. నాకింకా పెళ్ళి కాలేదు."

"మరి వేగేదెవరులెండి!" అంది ఆమె సిగ్గుతో చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. తర్వాత గొంతు తగ్గించింది. "బాబూ, ఆ ఇత్తడి గొట్టాలు మాత్రం... తొందరలో చింతపండు పీచు తియ్యకుండా నానేసేశాను. ఆయనేవన్నా అన్నాడేటి?"

"ఏమీ అనలేదండి. నోట మాట రాలేదు."

మధ్యాహ్నం షర్క్ ఆఫీసులో శ్రీపతి రిపోర్టు చదువుతూ ఒకచోట ఆగిపోయాడు. ఈసారి చాయ్ లో యాలక్కాయ లేదు.

"ఏంది సూర్యా గిది? 'ఆపరేషన్ లో ఉపయోగించిన పరికరం' అన్నకాడ చింతపండు అని రాసినవ్. ఢిల్లోళ్ళు నవ్వరా?"

"నవ్వుతారు సార్," అన్నాడు సూర్యకిరణ్. "అందుకే పక్కన 'పీచు తీయనిది' అని కూడా రాశాను. వచ్చేసారి ఆర్డరు పెట్టేటప్పుడు పొరపాటు జరగకూడదు కదా."