చేప బొమ్మ మెట్టెలు

1944 జూన్ 12, సోమవారం. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు.

పోలీసు అమీన్ కిషన్ రావు హన్మకొండ బట్టల వ్యాపారి వెంకట్రాజం ఇంటికి వచ్చేసరికి ట్రంకు పెట్టె తెరిచి ఉంది. తాళం పగలలేదు. వెండి గిన్నెలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయినవి డైరీలు!

వెండి వదిలేసి కాగితాలు ఎత్తుకుపోయే తిక్క దొంగను ఆయన ఇరవై ఏళ్ల సర్వీసులో చూడలేదు.

వెంకట్రాజం చనిపోయి పదిహేను రోజులైంది. ఫిర్యాదు చేసింది ఆయన ఒక్కగానొక్క కూతురు నిర్మల.

"ఎన్ని పోయినయి బిడ్డా?"

"ఇరవై ఒకటి సాబ్. బాపు ఏడాదికొకటి రాసెటోడు. అమ్మ పెండ్లిచీరె మడతల ఉన్నదొక్కటే మిగిలింది."

"గవ్విటితోని నీకేం పని?"

"నాకు మూడేండ్లప్పుడు అమ్మ ప్లేగుల పోయింది. ముఖం సుత యాదికి లేదు. ఆ దినం బాపు ఏం రాసిండో సదువుదామనుకున్న."



ఇంట్లో ఇంకా ఇద్దరున్నారు. బాబాయి రాంచందర్, కాజీపేట రైల్వేలో క్లర్కు. మేనత్త పూలమ్మ, నిర్మలను పెంచిన మనిషి. తాళంచెవి దేవుడి గూట్లో ఉంటుందని అందరికీ తెలుసు.

"మీ వదినె పోయిననాడు నువ్వెక్కడున్నవ్ రాంచందర్?"

"డ్యూటీల. నేనొచ్చేటాళ్లకు అంత అయిపోయింది సాబ్."

"పీనుగను ఎవలు చూసిండ్రు?"

"అన్న, అక్క. ఇద్దరే."

పూలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

కిషన్ రావు పెరట్లోకి వెళ్లాడు. నీళ్ల పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగానే ఉంది. అందులో సగం కాలిన అట్ట కనిపించింది.

తిరిగొచ్చి మిగిలిన డైరీ తెరిచాడు. పెళ్లైన ఏడాదిది. 'ఆమెకు చేప బొమ్మ మెట్టెలు చేయించాను. ఎడమకాలిది వదులైంది. దారం చుట్టుకుంది.'

పెట్టెలోని కుంకుమ భరిణె విప్పాడు. చేప బొమ్మ మెట్టెలు. ఒకదానికి దారం, నల్లబడి. నిర్మల ప్రతి పండుగకూ కళ్లకద్దుకునే మెట్టెలవి.

పదకొండుంబావుకు ముగ్గురినీ కూర్చోబెట్టాడు.

"సదువొచ్చిన దొంగైతే కావల్సిన కాగితం చింపుకపోతడు. దేంట్ల ఏమున్నదో తెల్వనోళ్లే అన్నీ కాలవెడ్తరు. పూలమ్మా, నీకు సదువు రాదు గదా?"

పూలమ్మ తల దించుకుంది.

"ఇంకోటి. మొగడుండంగ పోయిన ఆడిమనిషిని మెట్టెలతోనే సాగనంపుతరు. మరి ఇవి ఇంట్లెందుకున్నయి?"

నిర్మల భరిణె అందుకుని మెట్టెలు బయటికి తీసింది. ఇన్నేళ్లూ అవి ఎదురుగానే ఉన్నాయి. ఒక్కరికీ తట్టలేదు.

పూలమ్మ బావురుమంది. "మరదలికి పెద్దరోగం, కుష్టు వచ్చింది సాబ్! కాలివేళ్లు వాస్తే తనే తీసిచ్చింది. బిడ్డ పెండ్లి కాదు, సచ్చిపోయిన్నని చెప్పుండ్రని కాళ్లు మొక్కింది. పెద్దతమ్ముడు ఏదో పల్లెల గుడిసె ఏసి ఉంచిండు. నెలకోపారి పోయొచ్చెటోడు. ఇప్పుడు నిర్మల అవి సదివితే... దాని లగ్గం పెట్టుకున్నం గదా సాబ్..."

"అమ్మ బతికున్నదా?" నిర్మల లేచి నిలబడింది. "ఏ ఊర్లె అత్తమ్మా?"

"తెల్వది బిడ్డా. నాకెన్నడు చెప్పలే. అన్నీ రాసుకునెటోడు."

కిషన్ రావు రాంచందర్ వైపు తిరిగాడు.

"అన్న బట్టలకు పోతున్నాంటుండె సాబ్. ఉత్తరం దిక్కు రైలెక్కంగ చూసిన. ఎక్కడ దిగెటోడో..."

సొంత తమ్ముడి డైరీలు కాల్చిన ఆడమనిషిని ఏ సెక్షన్ కింద పట్టుకోవాలి? పట్టుకుంటే మాత్రం కాలిన అక్షరాలు తిరిగి వస్తాయా? కేసు తేలింది. దానివల్ల ఎవరికీ ఏ మేలూ జరగలేదు.

బయటికి వస్తూ చూస్తే నిర్మల పొయ్యి దగ్గర కూర్చుని బూడిద జల్లిస్తోంది. ఆయన టోపీ తీసి పక్కన పెట్టి, తనూ కూర్చుని వెతికాడు. ఒక్క అక్షరమైనా దొరకలేదు.

"ఈ నెల బాపు ఇంక రాలేదేందని అమ్మ దారి చూస్తాంటది గదా సాబ్?"