శక్తి గీసిన బొమ్మ

"సార్, మీ విజిల్ ఇంకొక తూరి మోగిందంటే కిటికీలోంచి పారేస్తా!"

హోసూరు యువకేంద్రంలో గోపీనాథ్‌తో రంజిత అన్న మొట్టమొదటి మాట ఇదే. చదువు మానేసి, చిల్లర దొంగతనాల్లో దొరికి, పోలీసులు మందలించి పంపిన కుర్రాళ్ల కోసం నడిచే కేంద్రం అది. గోపీనాథ్ వాళ్ల కబడ్డీ కోచ్. రంజిత కొత్తగా చేరిన కౌన్సెలర్. ఖర్మ కాకపోతే ఆమె గది సరిగ్గా కబడ్డీ కోర్టు పక్కనే.

"విజిల్ లేకుండా కబడ్డీ యాడుందమ్మా?"

"నా గదిలో పిల్లోడు ఏడ్చేదానికి వచ్చినాడు. మీరు ఊదితే వాడి కన్నీళ్లు కూడా అటెన్షన్‌లో నిలబడతా ఉండాయి."

మర్నాటి నుంచి విజిల్ జేబు దాటలేదు. చేతులూపుతూ ఆట నడిపాడు గోపీనాథ్. కుర్రాళ్లు ఊరుకుంటారా? "సార్‌కి మేడమ్ ఫౌల్ ఇచ్చేసింది" అని ఒకటే ఇకిలింపులు.

రంజిత పద్ధతి వేరు. నోరు విప్పలేని పిల్లల చేతికి కాగితం, క్రేయాన్లు ఇచ్చేది. గీసిన బొమ్మ బీరువాలోకి పోయేది. గీసినవాడు ఒప్పుకుంటే తప్ప, కేంద్రం పెద్ద వరదప్ప అడిగినా బయటికి తీసేది కాదు.

"ఆ బొమ్మలు నాకైనా చూపించవా?" అడిగాడు గోపీనాథ్ ఒక వాన సాయంత్రం. ఇద్దరూ ఒకే గొడుగు కింద బస్టాండుకి నడుస్తున్నారు. గొడుగు ఆమెది, తడుస్తున్న భుజం అతనిది.

"చూపించను. మీరు మంచోళ్లే. కానీ మీ నోట్లో నువ్వుగింజ నానదు."

'నీ మీద ప్రేమ ఆర్నెల్లుగా నానుతూనే ఉంది కదా' అనుకున్నాడు. పైకి అనలేదు. శనివారం కృష్ణగిరిలో జిల్లా పోటీ అయ్యాక చెబుదామని వాయిదా వేశాడు. ఆ వాయిదాకి అతను ఇప్పటికీ తనను తాను తిట్టుకుంటాడు.

జట్టుకి ప్రాణం శక్తి. పక్కనున్న జూజువాడి ఊరివాడు, పదహారేళ్లు. గురువారం వాచిన మొహంతో వచ్చాడు. "పడినాను సార్" అన్నాడు. తర్వాత రంజిత గదిలో గంటసేపు కూర్చున్నాడు.

శక్తిని పంపేశాక రంజిత టీకి వెళ్లింది. బొమ్మ ఇంకా బల్ల మీదే ఉంది. తలుపు దగ్గర నిలబడ్డ గోపీనాథ్ లోపలికెళ్లి చూసేశాడు. బెల్టు పట్టుకున్న తండ్రి, మూలన తల్లి, మధ్యలో చేతులు చాచిన కుర్రాడు.

రక్తం ఉడికిపోయింది. బండెక్కి నేరుగా జూజువాడి వెళ్లి, నలుగురి ఎదుట శక్తి తండ్రి మారియప్ప చొక్కా పట్టుకున్నాడు.

"పెండ్లాన్ని, కొడుకుని కొట్టేవాడివి, నువ్వొక మొగోడివా?"

"నీకెవురు చెప్పినారు?"

"నీ కొడుకు గీసిన బొమ్మ చెప్పింది!"

పెద్ద వీరుడిలా తిరిగొచ్చాడు. తెల్లారేసరికి శక్తి లేడు. తల్లితో కలిసి ఏదో లారీ ఎక్కాడట. ఎటు పోయాడో ఎవరికీ తెలియదు.

"ఆదివారం వాళ్ల మామ వచ్చి ఇద్దర్నీ పిలుచుకుపోయేట్టు మాట్లాడి పెట్టినాను," అంది రంజిత. "మూడు దినాలు. మూడు దినాలు ఆగలేకపోతిరి. బొమ్మ బల్ల మీద వదిలిన తప్పు నాది. మిగిలిందంతా మీదే."

నెల తిరక్కుండా ఆమె ఊత్తంగరై కేంద్రానికి బదిలీ చేయించుకుని వెళ్లిపోయింది. గోపీనాథ్ ఆదివారాలన్నీ లారీల మధ్య శక్తిని వెతకడంలోనే గడిచాయి. అలా రెండేళ్లు. చివరికి దొరికాడు. ఆ మర్నాడే గోపీనాథ్ ఊత్తంగరై బస్సెక్కాడు.

"శక్తి కుందారపల్లి దగ్గర టైర్ల షెడ్డులో పని చేస్తా ఉండాడు. వాళ్లమ్మా ఆడనే ఉండాది. బాగుండారు."

రంజిత కుర్చీలో కూలబడింది. "ఆడతా ఉండాడా?"

"లేదు. కబడ్డీ మాటే ఎత్తొద్దన్నాడు." గోపీనాథ్ నేలచూపులు చూస్తూ అన్నాడు. "జిల్లాలో అట్లాంటి రైడర్ లేడు రంజితా. వాడి ఆట నేనే పోగొట్టినాను. నిన్నూ పోగొట్టుకున్నాను. ఆ శనివారం చెప్పాలనుకున్నా, నువ్వంటే నాకు ప్రాణమని. ఇప్పుడూ అంతే. క్షమించమని అడిగే మొహం మాత్రం లేదు."

"నేనూ ఆ శనివారం కోసమే చూసినాను," అంది మెల్లగా. "నీలం చీర ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను కూడా."

గోపీనాథ్ తలెత్తలేకపోయాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆమే అడిగింది. "మనకెవురికీ చెప్పకుండా ఏంటికి పోయినాడంట? ఏం చెప్పినాడు?"

"శానా చెప్పినాడు." గోపీనాథ్ తల అడ్డంగా ఊపాడు. "అది నీకు చెప్పను రంజితా. ఎవురికీ చెప్పొద్దని అడిగినాడు."

రంజిత అతని వైపు చూసింది. కళ్లు తుడుచుకుంది.

"మీ బస్సు ఎన్నిటికి?"

"ఐదుకి."

"ఆరున్నరకి ఇంకోటుండాది. కూర్చోండి, దానికి పోదురుగాని."

పోయిన రెండేళ్లూ, శక్తి ఆటా తిరిగి రావని ఇద్దరికీ తెలుసు. గోపీనాథ్ కూర్చున్నాడు.