ఆరు దాటితే ఆగిపోయే నెట్

"మూడుసార్లు వచ్చినారు. మూడుసార్లూ లైన్ క్లియర్ అని రాసుకొని పోయినారు. మీ కాగితంలో క్లియర్‌గా ఉండాదేమో, మా ఇంట్లో మాత్రం నెట్ రావడంలేదు," అంది ఏంజెలిన్, గేటు తీయకుండానే.

అల్లూరు టెలిఫోన్ లైన్‌మన్ కిషోర్ బాబు ఎండలో నిలబడి ఆ తిట్లన్నీ శ్రద్ధగా విన్నాడు. నిజం చెప్పాలంటే సగమే చెవికెక్కాయి. మిగతా సగం ఆమె కళ్ళు చూడ్డానికే సరిపోయింది. ఏం చేస్తాడు, వయసు ఇరవై ఆరు.

"నేనొచ్చినప్పుడల్లా బాగానే వస్తా ఉండాది గదండీ."

"పొద్దున బాగానే ఉంటాది. సాయంత్రం ఆరు దాటినాక వచ్చి చూడండి. రేపు ఆరుంబావుకు నాకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ఇంట్లోనుంచే చేసుకునే ఉద్యోగం. అది పోతే చెన్నై హాస్టలే గతి."

చెన్నై అనే మాట వినగానే కిషోర్‌కు డ్యూటీ మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది. మర్నాడు ఆరు కాకముందే, చినుకుల్లో తడుస్తూ హాజరయ్యాడు.

సరిగ్గా ఆరింటికి ఏంజెలిన్ తల్లి మగ్దలీనమ్మ వంటింట్లో ఉన్న రెండో ఫోను ఎత్తి వాకాడుకు కలిపింది. అక్కడ మంచం పట్టిన తన తల్లి ఎస్తేరమ్మ వినాలని రోజూ కుటుంబ ప్రార్థన ఫోనులోనే చేస్తుంది. హాల్లో నెట్ ఠక్కున ఆగింది.

"ఈ ఫోన్ ఎవరు పెట్టినారమ్మా?"

"ఫ్యాన్లు బాగుచేసే అతను తీగ అతికించి ఇచ్చినాడు నాయనా. హాల్లో ప్రార్థన చేస్తే పిల్లకు డిస్టర్బ్ అవుతాదని."

కిషోర్ నవ్వు ఆపుకున్నాడు. "ఫోనుకూ నెట్టుకూ ఒకటే తీగమ్మా. హాల్లో ఫోనుకు ఫిల్టర్ ఉండాది, దీనికి లేదు. ఇది ఎత్తితే నెట్ పడిపోతాది. సరిచేయాలంటే గంట పని. ఇప్పటికి కత్తిరించేస్తా."

"మరి అమ్మమ్మ?" ఏంజెలిన్ తీగకు చెయ్యి అడ్డం పెట్టింది. "రోజంతా దీనికోసమే కాచుకోనుంటాది."

ఇంటర్వ్యూకు పది నిమిషాలుంది. అయినా ఆమె చెయ్యి తీయలేదు. అప్పటిదాకా సగం మునిగిన కిషోర్ పూర్తిగా మునిగిపోయాడు.

"నా సెల్లుందిగా. మిద్దె మీద సిగ్నల్ వస్తాది. పదండమ్మా," అంటూ తీగ కత్తిరించాడు.

మిద్దె మీద ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో స్పీకర్ పెట్టిన సెల్లు పట్టుకుని నిలబడ్డాడు. గొడుగంతా మగ్దలీనమ్మకే. పాటలయ్యాయి, బైబిలు వాక్యం అయింది, ఏంజెలిన్ ఉద్యోగం కోసం చాలాసేపు ప్రార్థన అయింది. ఆ తర్వాత మగ్దలీనమ్మ, ప్రార్థనకు వచ్చినవాళ్ళందరినీ అడిగినట్టే, కిషోర్‌నూ అడిగింది.

"నీకేమన్నా ప్రార్థన మనవి ఉండాదా నాయనా?"

ప్రమోషన్ అని చెప్పేసి ఉంటే సరిపోయేది. కానీ ప్రార్థనలో అబద్ధమాడడం అతనికి చేతకాలేదు.

"మీ ఏంజెలిన్ గారికి నేను నచ్చాలని," అన్నాడు. "మీకు కూడా."

మగ్దలీనమ్మ కళ్ళు తెరిచింది. సెల్లులోంచి ఎస్తేరమ్మే అందుకుంది.

"ఏ సంఘం అబ్బయా నీది?"

"ఇసకపల్లి చర్చి అమ్మమ్మా."

"చేసే పని?"

"లైన్‌మన్."

"సరే. అడిగినాక కాదంటే ఎట్టా? మగ్దలీనా, చెయ్యి ప్రార్థన."

మగ్దలీనమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఆమె మెల్లగా కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, ఈ బిడ్డ నన్ను తడవనీకుండా తాను తడుస్తా ఉండాడు. మా పాపకు ఇష్టమైతే, అడ్డం చెప్పే మనసు నాకు ఇయ్యబాక."

ముగ్గురూ మెల్లగా ఆమేన్ అన్నారు. మెట్ల మీంచి ఇంకో ఆమేన్ వినబడింది. అది మాత్రం మెల్లగా లేదు.

"ఎవురే అంత గట్టిగా అనింది?" అడిగింది ఎస్తేరమ్మ.

"నేనే అమ్మమ్మా. ఉద్యోగం ఖాయం చేసినారు, నేను చెన్నై పోవడంలేదు," అంటూ ఏంజెలిన్ పైకొచ్చింది. కిషోర్ ఎదురుగా నిలబడి సిగ్గుపడుతూనే అంది:

"మీరు కూడా యాడికీ పోబాకండి."