ముందు దిగే మనిషి

శుక్రవారం పొద్దున్న కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వచ్చిన వెర్నెస్టీన్‌కు నేల మీద ఎర్రటి పాదం గుర్తులు కనిపించాయి. పొయ్యి దగ్గర మొదలై, బల్ల చుట్టూ తిరిగి, వరండా తలుపు దాకా పోయాయి. అన్నీ కుడికాలివే. వరండాలో ఆమె తండ్రి లూషస్ పొడవాటి గెడకు నూనె రాస్తూ కూనిరాగం తీస్తున్నాడు.

"నాన్నా, కాలికేమైంది?"

"ఏమవుద్ది? నిక్షేపంగా ఉంది."

ఆమె వంగి ఆయన కుడికాలు పైకెత్తింది. నిన్న చెయ్యిజారి పగిలిన పీచ్ పళ్ల సీసా ముక్క మడమలో సగం దిగబడి ఉంది. పట్టుకుని లాగింది. రక్తం బుడగలా పొంగింది. లూషస్ కూనిరాగం మాత్రం ఆగలేదు.

"చూశావా? మా నాన్న పాదాలే ఇవి. రాళ్లు," అన్నాడు గర్వంగా.

వెర్నెస్టీన్ చేతిలోని గాజుముక్క కేసి చూసింది. ఎల్లుండే బాప్తిస్మం. ఎల్లుండి ఏట్లో దిగే పిల్లల్లో తన కూతురు రెనీటా కూడా ఉంది.

టార్వర్ రేవు అనే ఆ ఊళ్లో నల్లవాళ్ల చర్చి సంఘం బాప్తిస్మాలు ఏట్లోనే ఇస్తుంది. అందరికంటే ముందు ఒక మనిషి ఉత్తకాళ్లతో దిగుతాడు. నేల గట్టిగా ఉన్న చోటు కాలితో తడిమి తెలుసుకుని, లోతు మొదలయ్యే ముందు గెడ పాతుతాడు. గెడ దాటి పాస్టరు కూడా అడుగు వెయ్యడు. లూషస్ తండ్రి ఆ పని చేశాడు, తరవాత లూషస్ చేస్తున్నాడు. కోర్టు ముందు రాతి మీద ఊరు కట్టిన కెప్టెన్ టార్వర్ పేరు చెక్కి పెట్టారు. ఆ కెప్టెన్ పడవలకు పత్తి బేళ్లు ఎక్కిస్తూ నీళ్లలో పడి చచ్చిపోయిన నల్లవాళ్ల పేరు ఒక్కటీ ఏ రాతి మీదా లేదు. మంచి రేవు తెల్లవాళ్లు ఉంచుకున్నారు. నల్లవాళ్లకు వంపు దగ్గర సుళ్లు తిరిగే నీళ్లు వదిలేశారు. గెడ అందుకు వచ్చింది. అది భక్తి కాదు, చావకుండా ఉండే ఉపాయం.

పైగా ఈ వేసవంతా వంపుకు ఎగువన ఇసుక తోడే పడవ గుర్రుగుర్రుమంటూనే ఉంది. అడుగున ఏం మిగిల్చిందో, ఏం తవ్విందో ఎవడూ చెప్పడు.

వెర్నెస్టీన్ తండ్రిని లోపలికి తీసుకొచ్చి గాయానికి గుడ్డ కట్టింది. బల్ల దగ్గర రెనీటా మొక్కజొన్న జావ తింటోంది.

"షుగరు డాక్టరు కాళ్ల గురించి ఏమన్నాడు?"

"తీపి మానెయ్యమన్నాడు. ఆయన మాట వింటే బతుకే మానెయ్యాలి."

"కళ్లు మూసుకో నాన్నా."

"ఇదేం ఆటే?"

"మూసుకో. ఎడమకాలి కింద ఏం పెడతానో చెప్పాలి."

నవ్వుతూ మూసుకున్నాడు. ఆమె మంచుగడ్డ తీసి అరికాలి కింద పెట్టింది. లూషస్ ఎదురుచూస్తూ కూర్చున్నాడు. మంచు కరిగి నీళ్లు నేల మీద పారుతున్నాయి.

"పెట్టవే మరి! నాకవతల పనుంది."

రెనీటా చెంచా కింద పెట్టింది. "తాతా, అమ్మ ఎప్పుడో పెట్టేసింది."

లూషస్ కళ్లు తెరిచాడు. కాలి కేసి చూశాడు. ఆ గడ్డను ఒక్క తన్ను తన్నాడు. అది గోడకు కొట్టుకుని పగిలింది.

"నా ఇంట్లో నాకే పరీక్షలా?"

"ఎన్నాళ్లయింది నాన్నా, కాళ్లకు స్పర్శ పోయి?"

"ఏ నేల ఎక్కడుందో నాకు తెలుసు. నిన్ను ముంచినప్పుడు గెడ పాతిందెవరు? మీ అమ్మను ముంచినప్పుడు ఎవరు? ఒక్క ప్రాణం పోయిందా?"

"అప్పుడు నీకు పాదాలున్నాయి!"

అనేశాక వెర్నెస్టీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లూషస్ గెడ అందుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"సంఘంలో నోరు విప్పావో, నీ మొహం చూడను. ఈ కర్ర లాక్కుంటే ఇంక నేనెవర్నే? షుగరు ముసలాణ్ణి. అంతేగా!"

శనివారం తెల్లగౌను ఇస్త్రీ చేస్తూ చేస్తూ వెర్నెస్టీన్ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. "నువ్వు రేపు దిగడం లేదు రెనీటా."

"నేను దిగకపోయినా డెల్లా దిగుతుందిగా అమ్మా? డెల్లాకి తాత కాళ్ల సంగతి తెలీదుగా?"

వెర్నెస్టీన్ గౌను మళ్లీ అందుకుంది.

ఆదివారం ఏరు ఎర్రమట్టి రంగు తిరిగింది. ఎగువన వాన పడ్డట్టుంది, వేళ్లతో సహా ఒక చెట్టు మెల్లగా గుండ్రంగా తిరుగుతూ పోయింది. ఒడ్డున తెల్లబట్టల్లో పిల్లలు వరసగా నిలబడ్డారు. పాట మొదలైంది. వెర్నెస్టీన్ పెదాలు కదల్లేదు. 'ఇప్పుడు అరవాలి, ఇప్పుడే' అనుకుంటూ తండ్రి వీపునే చూస్తోంది.

లూషస్ గెడ ఎత్తి నాలుగడుగులు వేశాడు. ఆగాడు. కిందికి చూశాడు.

కాళ్ల దాకా ఉన్న అంగీ అంచు తడిసి బరువెక్కింది. అప్పటికి గానీ తను నీళ్లలో ఉన్నానని ఆయనకు తెలియలేదు.

పాట ఇంకా సాగుతోంది. లూషస్ వెనక్కి తిరిగి పిల్లల వరసను చూశాడు. రెనీటా ఆయన మొహం చూడడం లేదు. పాదాలనే చూస్తోంది.

"వెర్నా," అని పిలిచాడు. పాటలో ఆ పిలుపు వినపడలేదు. మళ్లీ పిలిచాడు. "వెర్నా! చెప్పులు విప్పి ఇలా రా."

పాట తెగిపోయింది.

"ఆడది గెడ పట్టడమా?" అన్నాడు సంఘ పెద్ద క్లీవ్. "ఏం వెర్నా, రేపట్నించి మీ నాన్న ప్యాంటు కూడా వేసుకుంటావా?"

"నోరుమూసుకో క్లీవ్," అన్నాడు లూషస్. "కావాలంటే నువ్వు దిగు. దిగరా!"

క్లీవ్ ఏటి వైపు చూశాడు. కదల్లేదు.

"నా కాళ్లు చచ్చిపోయాయి," అన్నాడు లూషస్, సంఘమంతా వినేలా. "దాచాను. మంచుగడ్డ పెట్టినా తెలియడం లేదు. మీ పిల్లల్ని నేను నడిపించలేను."

పాస్టరు హోబ్డీ టోపీ తీశాడు. వెర్నెస్టీన్ తండ్రి చేతిలోంచి గెడ తీసుకుని, ఆయన్ను ఒడ్డున కూర్చోబెట్టి నీళ్లలోకి దిగింది.

"మడమ కాదే, వేళ్లు ముందు పెట్టు," లూషస్ ఒడ్డు నుంచి కేకేశాడు. "బరువు వెనకకాలి మీదే ఉంచు. జారిందా?"

"లేదు నాన్నా, గట్టిగానే ఉంది."

"గెడతో ముందు పొడు."

నడుము దాకా వెళ్లింది. ఆయన ఏటేటా గెడ పాతే చోటు ఇంకా అవతలే ఉంది. ముందుకు పొడిచింది. గెడ దిగింది. దిగుతూనే ఉంది. పిడికిలి నీళ్లు తాకింది గానీ నేల తగల్లేదు. ఆమె కాలివేళ్ల కింద ఇసుక మెల్లగా ఆ గోతిలోకి జారుతోంది.

"వెనక్కి! వెనక్కి రా తల్లీ!"

ఆమె వెనక్కి వచ్చింది. ఒడ్డుకు బాగా దగ్గరగా, మోకాలి లోతులో, శక్తినంతా పెట్టి గెడ పాతింది.

పిల్లలందర్నీ అక్కడే, గెడకు ఇవతల, కూర్చోబెట్టి ముంచారు. గెడకు అవతల గోతి మీద నీళ్లు నున్నగా, ఏమీ ఎరగనట్టు పారాయి.

లూషస్ బురదలో కూర్చుని ఆ నున్నటి నీళ్లను చూస్తూ ఏడ్చాడు. వెర్నెస్టీన్ తడిబట్టలతోనే ఆయన కాళ్ల దగ్గర కూలబడి, మడమ కట్టు విప్పి, సీసాలో తెచ్చిన మంచినీళ్లతో గాయం కడిగింది.

"ఇంకెప్పుడూ మొహం చూడనన్నావుగా?"

"చూడక ఛస్తానా!" ముక్కు తుడుచుకున్నాడు. "గెడ వంకరగా పాతావే."

"వచ్చే ఏడు సరిగ్గా నేర్పుదువులే."

జుట్టులోంచి నీళ్లు కారుతూ రెనీటా వచ్చి పక్కన కూర్చుంది. తాత పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇప్పుడు తెలుస్తోందా తాతా?"

అబద్ధం చెప్పడానికి లూషస్ నోరు తెరిచాడు. ఆగాడు.

"లేదు తల్లీ," అన్నాడు. "పట్టుకునే ఉండు. చూస్తుంటాను."